మనిషికో పంటు

మా కొత్తపేటలో కొన్ని ఇళ్ళలో ఒక మాట ఇప్పటికీ నిలిచి ఉంది. ఇంటర్నెట్ కొత్తగా ఇళ్ళకి వచ్చిన రోజుల్లో దాన్ని ఇళ్ళకి పంచే మిషన్ పని చూసిన ఒక మేడమ్ గారు గల్ఫ్ నుంచి వచ్చే మాటలన్నీ దొంగచాటుగా వినేదని, వాటిని మిషన్ లోపల ఎవరికీ కనిపించని చోట దాచుకునేదని. మొన్నామధ్య ఒక నిశ్చితార్థంలో భోజనాల దగ్గర, నా వెనక వరసలో ఎవరో పక్కావిడకి ఈ సంగతే చెబుతుంటే విన్నాను. చెప్పే అమ్మాయికి ఆ రోజులు తెలిసే వయసు కాదు. ఆ మాట ఆమెకి తల్లి దగ్గర్నుంచి వచ్చి ఉండాలి.

అది నిజం కాదు. ఆ మాట పుట్టింది నా నోట్లోంచి. చెప్పగలిగిన కొద్దిమందికి తరవాతెప్పుడో చెప్పాను. మిగిలినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా మావయ్యకి, అంటే మా అమ్మ తమ్ముడికి, బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ ఉండేది. తొంభైలలో చుట్టుపక్కల ఏ వీధి చూసినా ఒకరో ఇద్దరో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండేవారు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మాకు రద్దీ శుక్రవారమే. ఆడవాళ్ళు పెందలాడే వంట ముగించుకుని వచ్చి బూత్ ముందు బల్ల మీద కూర్చునేవారు. ఫోన్ మోగితే మావయ్య ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు, ఊరి పేరుతో పిలిచేవాడు. "అవిడి వారు రండమ్మా", "పలివెల వారు రండమ్మా" అనేవాడు. ఏ మొగుడు ఎప్పుడు ఫోన్ చేశాడో బల్ల మీద కూర్చున్న మిగతావాళ్ళకి తెలియకూడదని ఆయన పట్టింపు.

కేబిన్ తలుపు మూసుకోగానే రేడియో పెట్టేవాడు. లోపలున్నావిడ గొంతు పెరిగితే రేడియో గొంతూ పెంచేవాడు. వార్తలో, వ్యవసాయ కార్యక్రమమో, ఏదైనా సరే. మావయ్యకి పాటల పిచ్చి అని నేను అనుకునేవాణ్ణి. ఒకసారి పాట సగంలో ఉండగా కేబిన్లో ఆవిడ బయటికి రాగానే రేడియో కట్టేశాడు. అదేమిటన్నాను.

"వినకపోవడం గొప్ప కాదురా. వినట్లేదని వాళ్ళకి వినపడాలి."

అయినా వాళ్ళు నమ్మేవారు కాదు. రిసీవరుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవారు. మావయ్య ఎప్పుడైనా "అబ్బాయి కులాసాగా ఉన్నాడామ్మా" అంటే చాలు, ఈయనకెలా తెలుసు అన్నట్టు చూసేవారు. దాంతో ఆయన ఎవరి కులాసా అడగడమూ మానేశాడు. నేను ఆ బూత్‌లో కూర్చుని పెరిగాను. ఎవరికైనా ఏదైనా తెలిసిందంటే వాళ్ళు విన్నట్టే అన్నది నాకు చదువుకన్నా ముందు వంటబట్టిన సంగతి.

నేను కాకినాడలో కంప్యూటర్ డిప్లొమా చేసి వచ్చేసరికి బూత్‌ల కాలం వెనకబడుతోంది. బూత్ నెట్ సెంటరు అయింది. తరవాత తీగలు వేసి ఇళ్ళకే కనెక్షన్లు ఇచ్చాం. కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకి కట్టుకుంటూ వీధులు దాటించిన తీగలు. కొబ్బరికాయల దింపు తీయించే రోజు తోటవాళ్ళు ముందే కబురు పెట్టేవారు, లేకపోతే గెల పడి తీగ తెగేది. తీగలన్నీ మా షాపు వెనక గదిలో ఉన్న ఒక పాత కంప్యూటరు దగ్గరికి చేరేవి. అందులో ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వేశాను. దాని నడుమ ఉండే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఏ ప్రోగ్రాముకి ఎంత మెమరీ ఇవ్వాలి, ఎవరి వంతు ఎప్పుడు రావాలి అని పంచిపెట్టేది అదే.

ఇంటర్నెట్లో మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్కనూ చూసి, ఇది మాట కాబట్టి ముందు పంపు, ఇది సినిమా కాబట్టి కాసేపు ఆగమను, ఇది ఫలానా ఇంటికి వెళ్ళాలి అని చెప్పే చిన్న చిన్న నియమాలు కెర్నెల్లో ఉండేవి. ఫిల్టర్లు అనేవాళ్ళం. ఒక ఇంటివాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టగానే వాళ్ళ కోసం కొన్ని పుట్టేవి, మాటలయ్యాక ఎప్పటికో పోయేవి. మామూలు రోజుల్లో బాగానే ఉండేది. శుక్రవారం మధ్యాహ్నమయ్యేసరికి మాటలు తెగిపోయేవి.

ఆ మేడమ్ గారు మా దగ్గరికి మొదట వచ్చింది ఫిర్యాదుకే. అమలాపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవారు. కాపురం కొత్తపేటలోనే, చర్చి వెనక వీధిలో. భర్త మస్కట్‌లో ఉండేవారు. కౌంటరు దగ్గర నిలబడి, "మా ఆయన మాటలు సగం అక్కడే ఉండిపోతున్నాయండీ. ఆ సగం కూడా ఇప్పించండి," అన్నారు.

మావయ్య, "ఆ సగంలో ఏం తిట్టేరో, రాకపోవడమే మంచిదేమోనమ్మా," అన్నాడు.

"తిట్లు పూర్తిగా వస్తున్నాయండీ. మిగతావే తెగుతున్నాయి."

మావయ్య నవ్వి ఆవిణ్ణి వెనక గదిలోకి తీసుకొచ్చాడు. బయటివాళ్ళని ఆయన ఆ గదిలోకి రానివ్వడం నేను చూడటం అదే మొదలు.

ఆవిడ కాసేపు చూసి జబ్బేమిటో చెప్పారు. ఫిల్టరు అనేది కెర్నెల్‌కి అర్థమయ్యే ఒక భాషలో రాసి ఉంటుంది. ప్రాసెసరు భాష వేరు. ముక్క వచ్చిన ప్రతిసారీ కెర్నెల్ ఆ నియమాన్ని మొదటి నుంచి వాక్యం వాక్యం చదివి, అర్థం చెప్పి, చేయిస్తోంది. "మా చర్చి సభల్లో దొరగారు ప్రసంగిస్తుంటే పక్కన ఒకాయన నిలబడి తెలుగు చేస్తారు చూడండి, అలా," అన్నారు. ఒక్కసారి మొత్తం తెలుగు చేసి పెట్టుకుంటే ఇక పక్కన మనిషి అక్కర్లేదు. అంటే, ఫిల్టరు పుట్టిన క్షణంలోనే దాన్ని ప్రాసెసరు భాషలోకి మార్చి మెమరీలో పెట్టెయ్యడం. ఆ మార్చే ప్రోగ్రాము తను రాస్తానన్నారు. జీతం మాటెత్తితే, తన కనెక్షన్ బాగుపడితే చాలన్నారు.

రాశారు. కాలేజీ అయ్యాక వచ్చి, ఆ గదిలో స్టూలు మీద కూర్చుని రాశారు. ఆ తరవాతి శుక్రవారం మధ్యాహ్నం మాటలు తెగలేదు. మా షాపు పక్క వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు, నేను పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడ కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఆ సాయంత్రం ఆవిడ షాపుకి వచ్చి, వాడు మధ్యలో మంచినీళ్ళు తాగిన చప్పుడు కూడా వినపడిందని చెప్పి వెళ్ళారు.

ఇక్కడి దాకా అందరికీ తెలిసిందే.

కనెక్షన్లు పెరిగాయి. కొన్ని నెలలకి మిషన్ మళ్ళీ ఆయాసపడటం మొదలైంది. ఈసారి మాటలు తెగడమే కాదు, మిషనే నిలబడిపోయేది. చూస్తే మెమరీ అయిపోతోంది. ఏ ప్రోగ్రాము ఎంత తింటోందో చూపించే పట్టిక తెర మీదికి తెచ్చి అంకెలన్నీ కూడి చూశాను. కూడితే వచ్చినది ఒకటి, పోయినది ఒకటి. శుక్రవారం మధ్యాహ్నానికి బోలెడు మెమరీ ఎవరి పద్దులోనూ లేకుండా పోతోంది.

ఆ రోజుల్లో కంప్యూటర్ పత్రికల నిండా ఇవే కథలు. కంప్యూటర్లో దూరి, తమ పేరు పట్టికలో పడకుండా చేసుకుని, లోపల కూర్చుని అన్నీ గమనించే దొంగ ప్రోగ్రాములు. మా ఇన్‌స్టిట్యూట్‌లో కూడా అదే చెప్పారు, పట్టికలో లేకుండా మెమరీ పోతోందంటే లోపల ఎవరో ఉన్నట్టే అని. కెర్నెల్ తన సొంత పనికి వాడుకున్న మెమరీ ఆ పట్టికలో పడదన్న చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మేడమ్ గారిని అడిగాను. "ఆయ్, నేనూ చూసేనండీ," అన్నారు తేలిగ్గా. ఆ తేలిక నాకు నచ్చలేదు.

ఆవిడ చెప్పిన కారణం ఇది. మార్చి పెట్టిన ఫిల్టరు ఒక్కొక్కటి పిడికెడు ఉంటుంది. కానీ ప్రాసెసరు నేరుగా నడిపించే కోడ్‌కి జాగా అడిగితే కెర్నెల్ ఒక పేజీకి తక్కువ ఇవ్వదు. పేజీ అంటే నాలుగు వేల పైచిలుకు బైట్లు. పిడికెడు వస్తువుకి గది మొత్తం. ఆవిడ సొంతూరు సఖినేటిపల్లి వైపు. డిగ్రీ చదివేటప్పుడు రోజూ రేవులో పంటు అనే పెద్ద బల్లకట్టు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం వెళ్ళి వచ్చేవారట.

"పంటులో లారీ ఎక్కుతుంది, మోటారు సైకిళ్ళు ఎక్కుతాయి, గేదెలు కూడా ఎక్కుతాయి. అన్నిటినీ సర్దుకునే కదండీ వెళ్తాం. ఇక్కడ మనిషికో పంటు కడుతోంది కెర్నెలు. రేవు నిండిపోక ఏమవుద్ది?"

మందు కూడా ఆవిడే చెప్పారు. మిషన్ మొదలవగానే ఒక పెద్ద జాగా ఒకేసారి తీసి తనకి ఇచ్చెయ్యమన్నారు. ఫిల్టర్లన్నీ అందులోనే పక్కపక్కన సర్దుతానన్నారు. కొత్తది వచ్చినప్పుడు వేరేచోట పూర్తిగా తయారుచేసి, అప్పుడు అందులోకి చేర్చాలన్నారు. ఏటి మధ్యలో నడుస్తున్న పంటులోకి సరుకు ఎక్కించకూడదు కదా అన్నారు. అలా చేస్తే మెమరీ మిగలడమే కాదు, ప్రాసెసరుకి ఏ పేజీ ఎక్కడుందో వెతుక్కునే పనీ తగ్గి వేగం పెరుగుతుందన్నారు.

నేను ఒక్కటే అడిగాను. "ఆ పెద్ద జాగా పట్టికలో కనపడుతుందా అండీ?"

"కనపడదండీ. కెర్నెల్ లోపలిది కదా."

చూద్దాం లెండి అన్నాను. ఉన్న అనుమానం చాలక, కనిపించని జాగా ఇంకా పెద్దది కావాలంటోంది అనుకున్నాను.

అదే వారం ఇంకొకటి జరిగింది. పిన్నిగారు షాపుకి వచ్చి ఉండగా ఆవిడ కాలేజీ నుంచి వచ్చారు. పలకరింపుగా, "నిన్న మీ అబ్బాయితో మాట్లాడుతుంటే మధ్యలో చాలాసార్లు తెగింది కదండీ, త్వరలో బాగుచేస్తాను," అన్నారు. పిన్నిగారు తలూపారు. ఆవిడ వెనక గదిలోకి వెళ్ళాక నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"ఆవిడకెలా తెలుసు బాబూ?"

జవాబు నాకు తెలుసు. ఏ ఇంటికి వెళ్ళే ముక్కలు ఎన్ని దారిలో పోయాయో కెర్నెల్ లెక్కపెడుతుంది. ఆ లెక్క నా తెర మీదా కనిపిస్తుంది. మాట వినక్కర్లేదు, తెగిందని తెలియడానికి. ఈ ఒక్క ముక్క పిన్నిగారికి చెప్పి ఉంటే నేనిప్పుడు ఇది రాయవలసిన పని లేదు. నేనేమన్నానంటే, "కనుక్కుంటానండీ," అన్నాను.

కనుక్కోవడానికి మేడమ్ గారు లేనప్పుడు ఆవిడ పేజీలు తెరిచాను. మెమరీలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా అంకెల్లో తెర మీదికి తెచ్చే వీలుంది. ఒక పేజీ నిండా ఒకే బైటు, మళ్ళీ మళ్ళీ అదే బైటు, వరసలకి వరసలు. ఎక్కడో నడుమ కొద్దిగా వేరే అంకెలు. మళ్ళీ చివరిదాకా అదే బైటు. రెండో పేజీ తెరిస్తే అందులోనూ అంతే, కానీ ఆ కొద్దిపాటి అంకెలు వేరే చోట ఉన్నాయి. మూడో దాంట్లో ఇంకో చోట. చోటు మార్చి మార్చి పెట్టడం, మిగతాదంతా ఒకే రంగు పూసినట్టు కప్పెయ్యడం. ఖాళీ అయితే సున్నాలుండాలి కదా అనుకున్నాను.

మావయ్యకి చెప్పాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "ఆవిడ చెవిలో ఏదీ పెట్టుకోగా నేను చూళ్ళేదు. ఎలా వింటాదిరా?" అన్నాడు. ఇప్పుడే వినక్కర్లేదు, లోపల దాచుకుని తరవాత వినొచ్చు అన్నాను. ఆయన లేచి రేడియో పెట్టాడు. కేబిన్లు ఎప్పుడో తీసేశాం. షాపులో మేమిద్దరమే ఉన్నాం.

పిన్నిగారు మళ్ళీ అడిగినప్పుడు, "లోపల ఏదో ఉంది పిన్నిగారూ, చూస్తున్నాం," అన్నాను. నేను బయట అన్నది ఆ ఒక్క మాటే. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాటే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ మిషన్ పని తెలిసినవాడు అన్న మాట అది. తరవాతి శుక్రవారం కువైట్‌లో మనవాళ్ళుండే గదుల్లో ఇదే చర్చట. కొందరు భార్యలకి ఫోన్లు చేసి కనెక్షన్ తీయించెయ్యమన్నారు. షాపుకి వచ్చినవాళ్ళు "వాళ్ళని లోపలికి రానిచ్చేరు, ఇంకేటవుద్ది," అన్నారు. వాళ్ళంటే ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు. నేను ఆ మాట అనలేదు. అనొద్దని కూడా అనలేదు. ఆవిడది చర్చి వెనక వీధి కాకపోయి ఉంటే, నేను పేజీలు తెరిచే ముందు ఇంకోసారి అడిగేవాణ్ణేమో. అప్పుడు నాకా ఆలోచన రాలేదు.

ఆ శనివారం ఆవిడ రాగానే మావయ్య, ఎంతో మర్యాదగా, వెనక గది తాళం ఒకసారి ఇప్పించమన్నాడు. ఆవిడకి అప్పటికే కాలేజీలో ఎవరో చెప్పినట్టున్నారు. తాళం చేతిలోనే పట్టుకుని నా వైపు తిరిగారు.

"ఏం దొరికిందండీ మీకు?"

తెర చూపించాను. వంగి చూశారు.

"ఇది ఖాళీ అండీ."

"ఖాళీని ఎవరైనా నింపుతారా అండీ?"

"నింపకపోతే దారితప్పిన ప్రోగ్రాము ఎక్కడ ఆగుతుంది? ఆ బైటు మీద కాలు పడితే ప్రాసెసరు అక్కడే ఆపేస్తుంది. అందుకు నింపేను."

"మరి చోటెందుకు మారుతోందండీ?"

"ఎక్కడుందో బయటివాడు ముందే ఊహించకూడదని."

"మేం కూడా బయటివాళ్ళమేనా?" అన్నాను. అలా అన్నందుకు నాకు లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం ఇప్పటికీ గుర్తుంది.

"మా ఆయన మాటలు కూడా ఈ మిషన్లోంచే వస్తాయండీ," అన్నారు ఆవిడ. తాళం కౌంటరు మీద పెట్టి, మావయ్యకి నమస్కారం చేసి వెళ్ళిపోయారు. ఆ విద్యా సంవత్సరం అయ్యాక ఆవిడ రాజోలు వైపు వేరే కాలేజీకి మారిపోయారని తెలిసింది. ఇంటికి తీసుకున్న మా కనెక్షన్ మాత్రం ఆ రోజునే తీయించేసుకున్నారు. మస్కట్ మాటలు ఆవిడ ఆ తరవాత ఎలా విన్నారో నాకు తెలియదు.

ఆవిడ ప్రోగ్రాము తీసేశాను. మళ్ళీ వాక్యం వాక్యం చదవడం మొదలైంది, మళ్ళీ మాటలు తెగడం మొదలైంది. దొంగతనం లేనిది నేనే రాస్తానని కూర్చున్నాను. పుస్తకాలు తెప్పించి, ముక్కూమొహం తెలియనివాళ్ళని నెట్‌లో అడిగి, చాలా నెలలు పట్టింది. ఆవిడ రాసినంత అందంగా రాలేదు కానీ పనిచేసింది. అందులో ఫిల్టరును మార్చి పెట్టడం తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి నాకన్నా తెలిసినవాళ్ళు లేరు.

రెండో శుక్రవారమో మూడో శుక్రవారమో, మధ్యాహ్నం మిషన్ ఆయాసపడింది. పట్టిక తెచ్చి అంకెలన్నీ కూడి చూశాను. కూడితే వచ్చినది ఒకటి, పోయినది ఒకటి. ఎవరి పద్దులోనూ లేకుండా బోలెడు మెమరీ పోయింది.

గది తలుపు వేసి ఉంది. లోపల ఎవరైనా ఉన్నారా అంటే నేనే ఉన్నాను. పిడికెడు పెట్టిన ప్రతిసారీ కెర్నెల్ గది మొత్తం ఇచ్చింది. మనిషికో పంటు. ఆవిడ మాటలు ఆ క్షణం అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చాయి.

అప్పుడే లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళి ఉంటే కథ అక్కడితో ఆగేది. కానీ నేను ఇంకో తప్పు చేశాను, అది మొదటిదానికన్నా పెద్దది. ఆవిడ నింపిన ఆ బైటు నా ప్రోగ్రాములో నేను పెట్టలేదు. అనవసరం అనుకున్నాను. నేను రాసిన మార్పిడిలో ఒకచోట తప్పు గెంతు ఉంది. ఒక ఇంటి ఫిల్టరు నడుస్తూ నడుస్తూ తన హద్దు దాటి, పేజీలో మిగిలిన చోటుకి వెళ్ళింది. అక్కడ ఎప్పుడో ముగిసిపోయిన వేరే ఇంటి ఫిల్టరు తాలూకు ముక్క చెరపకుండా పడి ఉంది. ప్రాసెసరు ఆగలేదు. దాన్ని కూడా నడిపించింది, దాంతో మొదటి ఇంటికి వెళ్ళాల్సిన మాట ఆ రెండో ఇంటికి వెళ్ళింది. కుళాయి వీధిలో ఒక అమ్మాయి తన భర్తతో మాట్లాడుతుంటే, కాసేపు ఎవరో పరాయి మగమనిషి గొంతు వినిపించి, పాపకి జ్వరం తగ్గిందా అని అడిగిందట. ఆ ఇంట్లో పిల్లలే లేరు.

ఆ అమ్మాయి అత్తగారు షాపుకి వచ్చి చెప్పినప్పుడు అక్కడ నలుగురున్నారు. ఎవరో అందుకున్నారు, ఆ మేడమ్ గారు పోతూ పోతూ ఏదో పెట్టి పోయిందని. అందరూ నా వైపు చూశారు. నేను తల దించుకుని తీగ చివర ఒలుస్తున్నాను. ఒలుస్తూనే ఉన్నాను.

అంతవరకు అనుమానంగా ఉన్నది ఆ రోజుతో రుజువైనట్టయింది. ఆవిడ ఉన్నంతకాలం ఒకరి మాట ఇంకొకరికి వినపడలేదు. వినపడింది నా వల్ల. దానికి కూడా ఆవిడ పేరే పడింది.

ఆ తరవాత అంతా ఆవిడ చెప్పినట్టే చేశాను. మిషన్ మొదలవగానే ఒక పెద్ద జాగా. అందులో ఫిల్టర్లన్నీ ఒకదాని పక్కన ఒకటి. సందుల్లో అన్నిచోట్లా ఆగిపొమ్మనే బైటు. మొదట్లో కొత్త ఫిల్టరును నేరుగా అక్కడే రాయబోతే పక్కవి నడుస్తుండగా మిషన్ కుప్పకూలింది. అప్పుడు ఏటి మధ్య పంటు మాట గుర్తొచ్చి, వేరేచోట తయారుచేసి చేర్చడం పెట్టాను. మెమరీ మిగిలింది. శుక్రవారాలు నెమ్మదించాయి. పోయినవాళ్ళు తిరిగి వచ్చారు. అబ్బాయి సొంతంగా రాశాడట అని ఊరంతా అన్నారు. మావయ్య స్వీట్లు పంచాడు. నేనూ తిన్నాను.

స్వీట్లు పంచిన సాయంత్రమే మావయ్య అడిగాడు. "ఇంతకీ ఆవిడ దాచింది తీసేసేవా?"

"దాచింది ఏమీ లేదు మావయ్యా. ఇప్పుడు నడుస్తున్నది కూడా ఆవిడ చెప్పిందే."

ఆయన రేడియో కట్టేశాడు. "మరి కుళాయి వీధి గొంతు?"

"అది నాది."

ఆయన షాపు షట్టరు వైపు చూసి, "ఇది బయటికి చెప్తే మన గడప ఎవరూ తొక్కరురా," అన్నాడు. చెప్పమనలేదు, చెప్పొద్దనలేదు. నేను చెప్పలేదు. మిషన్ నాది, మాట పడాల్సింది నేను. కానీ షాపు ఉండాలి. ఆవిడ ఊళ్ళో లేరు.

ఫోన్లు చౌకయ్యి, అందరి చేతుల్లోకీ వచ్చి, మా తీగలు చెట్ల మీద వేలాడుతూ మిగిలిపోయాక షాపు మూసేశాం. కాపాడుకోవడానికి ఏమీ మిగలని తరవాతే నాకు ధైర్యం వచ్చిందని ఒప్పుకోవాలి. రాజోలు బస్సెక్కి, అడుగుతూ ఆవిడ ఇంటికి వెళ్ళాను. భర్త మస్కట్ నుంచి వచ్చేసినట్టున్నారు, వరండాలో మోటారు సైకిల్ తుడుస్తున్నారు. నేనెవరో చెప్పగానే తుడవడం ఆపి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ బయటికి వచ్చి కుర్చీ చూపించారు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను, కుళాయి వీధి గొంతుతో సహా. ఆవిడ ఒకచోట మాత్రం ఆపి, "ఆ బైటు పెట్టలేదా?" అని అడిగారు. పెట్టలేదన్నాను. తలూపారు. క్షమించమన్నాను.

"అది నాకెందుకు చెప్తున్నారండీ? నేను వినలేదని నాకు తెలుసు కదా. తెలియనివాళ్ళకి చెప్పండి."

ఆ మాట పట్టుకునే కొన్ని ఇళ్ళకి వెళ్ళాను. మొదట పిన్నిగారి దగ్గరికే.

ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. కొడుకు ఇంకా కువైట్‌లోనే ఉన్నాడు. చేతి పక్కన సెల్‌ఫోన్. "పిన్నిగారూ, ఆ మేడమ్ గారు ఎవరి మాటలూ ఎప్పుడూ వినలేదండీ. తెలియక నేనే తప్పు చెప్పేను," అన్నాను. ఆవిడ గింజలు తీస్తూనే ఉన్నారు.

"మరి కుళాయి వీధి పిల్లకి ఎవరిదో గొంతు వినపడింది కదా బాబూ?"

"అది నేను రాసినదాని వల్లండీ. ఆవిడ అప్పటికే వెళ్ళిపోయేరు."

"నువ్వు రాసిందా." గింజ ఒకటి పళ్ళెంలో పడేశారు. "అయితే మిషన్ దగ్గర ఎప్పుడూ ఉన్నది నువ్వేగా?"

"ఆయ్."

"మరి నువ్వు విన్నావా?"

"లేదండీ."

"ఆవిడా అదే అంది కదా," అన్నారు పిన్నిగారు.

కెర్నెల్ గురించి, పేజీ గురించి, పంటు గురించి మొదలుపెట్టాను. అవి ఆవిడకి చెప్పవలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఇంతలో ఫోన్ మోగింది. ఆవిడ చెయ్యి తుడుచుకుని తెర చూశారు. తరవాత నన్ను చూశారు. ఫోన్ మోగుతూనే ఉంది, ఆవిడ ఎత్తలేదు.

నేను లేచి మెట్లు దిగాను. గేటు వేసి వీధిలోకి వచ్చాక గాని నా వెనక ఆవిడ హలో అనడం వినిపించలేదు.